ఎమర్జెన్సీ నుంచి ఇంటికొచ్చాక: ఉబ్బసం మళ్లీ తిరగబెట్టకుండా చూసుకోవడం ఎలా

మా తమ్ముడికి మొదటిసారి ఆయాసం ముదిరి ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది ఒక జనవరిలో, రాత్రి రెండున్నరకి. అప్పట్లో వాడు బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండేవాడు, మేం హూడిలో. మూడుసార్లు నెబ్యులైజర్ పెట్టారు, ఇంజెక్షన్ ఇచ్చారు, కాసేపు ఆక్సిజన్ పెట్టారు. తెల్లారేసరికి పిల్లికూతలు తగ్గాయి. వచ్చే దారిలో ఇడ్లీ కూడా తిన్నాడు. ఐదు రోజుల మాత్రలు, ఒక ఇన్‌హేలర్, వారం తర్వాత వచ్చి చూపించుకోమని ఒక కాగితం. రెండు రోజులు మాత్రలు వేసుకుని, "బాగానే ఉన్నా కదా అక్కా" అని ఆపేశాడు. ఇన్‌హేలర్ ఆఫీసు బ్యాగులోనే ఉండిపోయింది. పదకొండో రోజు రాత్రి మళ్లీ ఎమర్జెన్సీకి పరుగు. ఈసారి మూడు రోజులు వార్డులో పడుకోబెట్టాల్సి వచ్చింది.

ఆ మూడు రోజులు వాడి మంచం పక్కన కూర్చున్నాక నాకు తెలిసివచ్చింది ఇది: ఎమర్జెన్సీలో జరిగేది సగం వైద్యమే. మిగతా సగం ఇంటికొచ్చాక మన చేతుల్లో జరగాలి. ఉబ్బసం వచ్చినప్పుడు ఊపిరితిత్తుల్లోని గాలి గొట్టాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుంటాయి, గొట్టాల లోపలి పొర వాచి కళ్లె పేరుకుంటుంది. నెబ్యులైజర్‌లో పోసే సాల్‌బుటమాల్ ఆ బిగింపును నిమిషాల్లో వదిలిస్తుంది. అందుకే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది. వాపు మాత్రం అక్కడే ఉంటుంది, అది పూర్తిగా దిగడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. ఈలోగా ఒక చలిగాలి, ఒక జలుబు, పక్క గదిలో ఒక దోమల కాయిల్ చాలు. ఏడాది లోపల ఒకసారి ఎటాక్ వచ్చినవాళ్లకి మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువని డాక్టర్లు చెప్పేది అందుకే.

కింద రాసినవి మేం నేర్చుకున్న వరసలోనే రాస్తున్నాను. మందు పేరు, మోతాదు మాత్రం మీ డాక్టర్ రాసిందే లెక్క.

1. ఆసుపత్రి గుమ్మం దాటకముందే

నిద్రలేక కళ్లు మూతలు పడుతుంటాయి, బిల్లు కట్టి ఇంటికి పోదామనిపిస్తుంది. ఇంకో పది నిమిషాలు ఆగండి. డిశ్చార్జ్ కాగితం మీద ఏ మందు ఎన్ని రోజులో, ఎన్నిసార్లో స్పష్టంగా ఉందా చూడండి. ఇన్‌హేలర్ రాసి ఉంటే ఒక్క ప్రశ్న అడగండి: "ఇది రోజూ వాడాలా, ఆయాసం వచ్చినప్పుడేనా?" మా వాడి విషయంలో దెబ్బతిన్నది ఇక్కడే. రోజూ రెండుపూటలా వాడాల్సినదాన్ని అవసరమైతే వాడేది అనుకున్నాడు.

తర్వాత, నర్సు ముందే ఒకసారి ఇన్‌హేలర్ వాడి చూపించండి. సిగ్గుపడాల్సిన పనేం లేదు. తప్పుంటే అక్కడికక్కడే సరిదిద్దుతారు. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలకి కన్నడం, ఇంగ్లీషు రాకపోతే తెలుగు తెలిసిన నర్సు ఎవరైనా ఉన్నారా అని అడగండి. బెంగళూరు ఆసుపత్రుల్లో చాలాసార్లు ఒకరైనా దొరుకుతారు.

కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో ఇద్దరి ఫోన్లలోనైనా ఉంచండి. మందులు ఇంటికెళ్లాక కొందాం అనుకోకుండా దారిలోనే కొనేయండి.

2. స్టెరాయిడ్ మాత్రలు చివరి రోజు దాకా

సాధారణంగా రాసేది ప్రెడ్నిసొలోన్. పెద్దలకు 5 నుంచి 7 రోజులు, పిల్లలకు 3 నుంచి 5 రోజులు. వాపును దించేది ఇదే. పని మొదలుపెట్టడానికే కొన్ని గంటలు పడుతుంది. రెండో రోజుకే హాయిగా ఉందంటే మందు పని చేస్తోందని అర్థం, జబ్బు పోయిందని కాదు.

పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకోండి. రాత్రి వేసుకుంటే నిద్ర పట్టదు, ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట. షుగర్ ఉన్నవాళ్లకి ఈ రోజుల్లో షుగర్ పెరుగుతుంది, కాబట్టి రోజూ చూసుకుంటూ డాక్టర్‌కి చెప్పాలి. ఇంత చిన్న కోర్సును మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిన అవసరం మామూలుగా ఉండదు. రాసిన రోజులు పూర్తిచేసి ఆపేయవచ్చు. నెలల తరబడి ఈ మాత్రలు వాడుతున్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు డాక్టర్ని అడక్కుండా ఒక్కసారిగా ఆపకూడదు.

ఇంకో పొరపాటు కూడా చూశాను. మిగిలిన మాత్రలు దాచిపెట్టుకుని, ఆయాసం వచ్చినప్పుడల్లా సొంతంగా వేసుకోవడం. స్టెరాయిడ్ మాత్రలు పదేపదే వాడితే ఎముకలు గుల్లబారడం, షుగర్, కంటిలో శుక్లాలు లాంటివి వస్తాయి. నాలుగైదు కోర్సులైనా జీవితకాలంలో లెక్కలోకి వస్తాయి. ఆ అవసరం రాకుండా ఉండాలంటే తర్వాతి అడుగు తప్పదు.

3. రోజూ వాడే ఇన్‌హేలర్: అసలు కాపలా ఇదే

ఇన్‌హేలర్లలో రెండు రకాలు ఉంటాయని ముందు మనసుకి పట్టించుకోవాలి. సాల్‌బుటమాల్, అంటే చాలామంది ఆస్తాలిన్ అని పిలిచేది, బిగింపును వదిలించి తాత్కాలికంగా ఊపిరి ఆడిస్తుంది. వాపు మీద దాని ప్రభావం లేదు. బుడెసొనైడ్, ఫ్లూటికసోన్ లాంటి పీల్చే స్టెరాయిడ్ ఉన్నవి వాపును అదుపులో ఉంచేవి. ఇవి ఏ ఇబ్బందీ లేని రోజు కూడా వాడాలి. రంగు చూసి గుర్తుపెట్టుకోకండి, కంపెనీని బట్టి రంగు మారుతుంది. డబ్బా మీద మార్కర్‌తో "రోజూ" అనో "ఆయాసానికి" అనో తెలుగులోనే రాసేయండి.

ప్రపంచమంతా డాక్టర్లు అనుసరించే జినా (ఉబ్బసం మీద పనిచేసే అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు 2019లో ఒక పెద్ద మార్పు తెచ్చాయి. పెద్దలు, కౌమారంలో ఉన్న పిల్లలు ఉబ్బసానికి సాల్‌బుటమాల్ ఒక్కదాని మీదే ఆధారపడకూడదని చెప్పాయి. ఏడాదిలో 200 పఫ్‌ల (ఒకసారి నొక్కితే ఒక పఫ్) సాల్‌బుటమాల్ డబ్బాలు మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఖాళీ అవుతున్నాయంటే ఎటాక్ వచ్చే ప్రమాదం పెరిగినట్టే. నెలకొకటి చొప్పున అయిపోతుంటే ప్రాణానికే ముప్పు. ఒకసారి మీ మెడికల్ షాపు బిల్లులు తిరగేసి లెక్కపెట్టండి. మేం లెక్కపెడితే తమ్ముడు ఎనిమిది నెలల్లో ఐదు కొన్నాడు. మాకెవరికీ తెలియదు.

బుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసిన ఇన్‌హేలర్ అయితే కొందరికి రోజువారీ మందుగానూ, ఆయాసం వచ్చినప్పుడు వాడేదిగానూ అదొక్కటే రాస్తారు. అలా రాశారా లేదా, రోజుకి గరిష్ఠంగా ఎన్ని పఫ్‌లు అన్నది కాగితం మీద రాయించుకోండి. సాల్మెటెరాల్ ఉన్న ఇన్‌హేలర్‌ని మాత్రం ఆయాసం తగ్గించుకోవడానికి వాడకూడదు, అది అంత త్వరగా పనిచేయదు.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది", "అది ఆఖరి మందు", "పెళ్లిచూపుల్లో తెలిస్తే ఎలా" లాంటి మాటలు మన ఇళ్లలో ఎన్ని విన్నామో. మా పెద్దమ్మ వీడి చేతిలోంచి లాక్కుని బీరువాలో పెట్టింది కూడా. ఆవిడకి నేను చెప్పిన లెక్క ఇది. స్టెరాయిడ్ మాత్రల్లో రోజుకి 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు ఒంట్లోకి వెళ్తాయి. ఇన్‌హేలర్‌లో ఒక పఫ్‌కి 200 మైక్రోగ్రాములు. రెండు మందుల బలం ఒకటి కాదు కాబట్టి ఇది బరువు లెక్క మాత్రమే, కానీ భయం ఎటువైపు ఉండాలో దీంతో తెలుస్తుంది. పైగా పీల్చే మందు నేరుగా గాలి గొట్టాల్లోకే పోతుంది. ఇది అలవాటయ్యే మందు కాదు.

అలాగే మృగశిర కార్తెకి హైదరాబాద్ వెళ్లి చేప మందు వేయించుకునేవాళ్లు మన బంధువుల్లో ఉంటారు. దాంతో ఉబ్బసం తగ్గుతుందని రుజువు లేదు. పెద్దల మాట కాదనలేక వెళ్లినా ఇన్‌హేలర్ మాత్రం ఒక్కపూట కూడా ఆపకండి. ఆ క్యూలో ఆయాసం వస్తే ఏంటన్నది కూడా ఆలోచించండి.

4. పీల్చే పద్ధతి

ఖరీదైన మందు నోట్లోనే ఆగిపోయి, గాలి గొట్టాల్లోకి పోకపోతే వాడీ లాభం లేదు. నేను ఎక్కువ రాసేది దీని గురించే, ఎందుకంటే చాలామంది "వాడుతున్నాం, పనిచేయట్లేదు" అనే చోట అసలు తప్పు ఇక్కడే ఉంటుంది.

నొక్కే పంపు రకమైతే ముందు బాగా ఊపండి. కొత్తదైనా, చాలా రోజులు వాడనిదైనా గాల్లోకి ఒకట్రెండు సార్లు కొట్టండి. నిటారుగా కూర్చుని ఊపిరి మొత్తం బయటికి వదలండి. ఇన్‌హేలర్ మూతిని పళ్ల మధ్య పెట్టి పెదవులు బిగించండి. నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూనే ఒక్కసారి నొక్కండి. మూడు నాలుగు సెకన్లపాటు నెమ్మదిగా, లోతుగా పీల్చి, పది సెకన్లు ఊపిరి బిగబట్టండి. రెండో పఫ్ కావాలంటే అర నిమిషం ఆగి, మళ్లీ ఊపి, మొదటి నుంచి చేయండి. రెండూ ఒకే శ్వాసలో కొట్టడం తప్పు.

ఈ నొక్కడం, పీల్చడం కలవకపోవడం చాలా మామూలు. అందుకే స్పేసర్ కొనండి. పెద్దవాళ్లకి కూడా. పంపుకీ నోటికీ మధ్య పెట్టే ఈ ప్లాస్టిక్ గొట్టం వల్ల మందు గొంతుకి తగలకుండా లోపలికి చేరుతుంది. ఒక్క పఫ్ కొట్టి, ఒక దీర్ఘశ్వాస గానీ, ఐదారు మామూలు శ్వాసలు గానీ తీసుకోవాలి. చిన్నపిల్లలకి దానికే మాస్కు తగిలించి ముక్కూ నోరూ మూసేలా పెడతారు. స్పేసర్‌ని కొత్తగా తెచ్చినప్పుడూ, తర్వాత నెలకోసారీ గిన్నెల సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా గాలికి ఆరబెట్టాలి. తుడిస్తే ప్లాస్టిక్‌కి స్థిర విద్యుత్ పట్టి మందు గోడలకే అతుక్కుంటుంది.

రోటాక్యాప్ రకానికి, అంటే క్యాప్సూల్‌ని పరికరంలో వేసి పీల్చేదానికి, పద్ధతి పూర్తిగా వేరు. అందులో పొడి ఉంటుంది కాబట్టి బలంగా, వేగంగా పీల్చాలి. దానిలోకి ఊపిరి ఊదకూడదు, తడికి పొడి ముద్దవుతుంది. క్యాప్సూల్ మింగేసినవాళ్ల గురించి విన్నాను, కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లకి ఒకసారి చేసి చూపించండి. ఆయాసం బాగా ఉన్నప్పుడు గట్టిగా పీల్చే శక్తి ఉండదు, ఆ సమయానికి స్పేసర్‌తో పంపు రకమే మేలు.

స్టెరాయిడ్ ఉన్నది వాడాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేయండి, లేకపోతే నోట్లో తెల్లటి పూత, బొంగురు గొంతు వస్తాయి. మా వాడికి నేను పెట్టిన పద్ధతి: ఇన్‌హేలర్ బ్రష్ పక్కనే ఉంటుంది. ముందు పఫ్, తర్వాత పళ్లు తోముకోవడం. మర్చిపోవడమూ లేదు, పుక్కిలించడమూ అయిపోతుంది. ఎన్ని పఫ్‌లు మిగిలాయో చూపించే అంకెలు లేని డబ్బా అయితే మొదలుపెట్టిన తేదీ రాయండి. రోజుకి నాలుగు పఫ్‌లు వాడితే 120 పఫ్‌లది సరిగ్గా 30 రోజులు వస్తుంది. నీళ్లలో వేసి తేలిందా మునిగిందా చూసే పద్ధతి నమ్మదగింది కాదు.

5. వారం లోపల డాక్టర్ దగ్గరికి

రెండు నుంచి ఏడు రోజుల్లోపు, పిల్లలైతే ఇంకా త్వరగా, ఒకసారి చూపించుకోవాలి. ఎమర్జెన్సీలో చూసిన డాక్టరే కానక్కర్లేదు. ఛాతీ వ్యాధుల డాక్టర్ అయితే మంచిది. ఖర్చుకి వెనకాడేవాళ్లకి బెంగళూరులో నిమ్హాన్స్ ఆసుపత్రి దగ్గర రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ, పిల్లలకైతే ఆ ప్రాంతంలోనే ఇందిరా గాంధీ బాలల ఆరోగ్య సంస్థ ఉన్నాయి. రెండూ ప్రభుత్వానివే. డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ జన ఔషధి దుకాణంలో తక్కువ ధరకి దొరుకుతుందేమో కూడా అడగండి.

వెళ్లేటప్పుడు వాడుతున్న ఇన్‌హేలర్లన్నీ సంచిలో వేసుకెళ్లి అక్కడే పీల్చి చూపించండి. వేరే జబ్బులకి వేసుకునే మందులు కూడా చెప్పండి. తలనొప్పికో టెన్షన్‌కో రాసే ప్రొప్రనొలాల్, గ్లకోమాకి వేసే టిమొలాల్ కంటిచుక్కలు ఉబ్బసాన్ని రేపుతాయి. కొందరికి ఆస్పిరిన్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు పడవు. ముక్కు ఎప్పుడూ కారుతూ, తుమ్ములు వస్తూ ఉంటే దానికి వైద్యం చేయించకుండా ఉబ్బసం లొంగదు. ఏటా వేసుకునే ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. గర్భిణులు ఇన్‌హేలర్ మానేయకూడదు. బిడ్డకి ఆక్సిజన్ అందకపోవడమే అసలు ప్రమాదం.

6. గదిని మార్చడం, ఊరిని కాదు

"బెంగళూరు పడలేదు, కడపకి వచ్చేయ్" అని నాన్న ఫోన్లో ఒకటే పోరు. నగరంలో దుమ్ము, చలి, పుప్పొడి ఉన్నమాట నిజమే. ఈ ఊరి పిల్లల డాక్టర్ హెచ్. పరమేశ్ ఆసుపత్రికి వచ్చిన పిల్లలని ఏళ్ల తరబడి గమనించి, 1979లో 9 శాతం ఉన్న ఆస్తమా 1999 నాటికి 29.5 శాతానికి పెరిగిందని నమోదు చేశారు. అయినా ఊరు మారడం అందరికీ కుదరదు, మారినా ఉబ్బసం వెంటే రావచ్చు. గదిని మార్చడం మాత్రం ఈ ఆదివారమే మొదలుపెట్టొచ్చు.

తమ్ముడి పీజీ గదికి కిటికీ పక్క బిల్డింగ్ గోడలోకి తెరుచుకునేది. స్నానాల గది తలుపు పక్కనే మంచం, గోడకి నల్లటి బూజు. ముగ్గురిలో ఒకడు సిగరెట్ తాగేవాడు, రాత్రంతా దోమల కాయిల్. ఇంతకన్నా కారణాలు వెతకాల్సిన పనేముంది? వాడిని మరో గదికి మార్చాం. గాలీ వెలుతురూ వచ్చే గదికి వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చినా, వార్డులో మూడు రోజుల బిల్లు ముందు అది ఏమాత్రం.

దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి బాగా వేడి నీళ్లలో ఉతికి ఎండలో వేయాలి, పరుపులో ఉండే కంటికి కనిపించని పురుగులు అలాగే పోతాయి. పొడి చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవండి. ఊడ్చేటప్పుడు రోగి బయట ఉండాలి. బొద్దింకలకి స్ప్రే కాకుండా జెల్ వాడండి. బాల్కనీలో పావురాలు గూడు పెడితే వల కట్టించండి. దేవుడి దగ్గర దీపం చాలు, అగరుబత్తి, సాంబ్రాణి పొగ వద్దు. ఇది అమ్మకి చెప్పడం కష్టమే, కానీ ఒప్పుకుంది. తాళింపు వేసేటప్పుడు చిమ్నీ గానీ కిటికీ గానీ తెరిచి ఉండాలి.

లేఅవుట్‌లలో ఖాళీ సైట్ల నిండా తెల్లపూలతో ఉండే వయ్యారిభామ మొక్క తెలుసు కదా, ఇక్కడ కాంగ్రెస్ గడ్డి అంటారు. దాని పుప్పొడి ఈ ఊళ్లో చాలామంది ముక్కుల్ని, ఊపిరితిత్తుల్ని ఇబ్బంది పెడుతుంది. మీ వాకింగ్ దారి దాని పక్క నుంచి ఉంటే దారి మార్చండి. డిసెంబరు, జనవరి పొద్దుటి చలిలో బైకు మీద ఔటర్ రింగ్ రోడ్డుకి వెళ్లేవాళ్లు ముక్కూ నోరూ కప్పే మాస్కు తప్పకుండా వేసుకోవాలి. దీపావళి రెండు మూడు రోజులు సాయంత్రాలు కిటికీలు మూసి ఇంట్లోనే ఉండండి.

సంక్రాంతికి ఊరెళ్తే ఇంకో జాగ్రత్త. భోగిమంటకి దూరంగా నిలబడాలి. అటక మీద నుంచి దించిన పాత బొంతలు కప్పుకోకూడదు. రాత్రి బస్సులో ఇన్‌హేలర్ చేతి సంచిలో ఉండాలి, డిక్కీలో వేసిన సూట్‌కేసులో కాదు.

7. రోజూ ఊదే చిన్న పరికరం

పీక్ ఫ్లో మీటర్ అనే ప్లాస్టిక్ గొట్టం మెడికల్ షాపుల్లో దొరుకుతుంది. నిలబడి, నిండా పీల్చి, ఒక్క ఉదుటున ఊదాలి. మూడుసార్లు ఊది పెద్ద అంకె రాసుకోవాలి. ఉదయం, సాయంత్రం, మందుకి ముందు. బాగా కుదుటపడ్డాక రెండు వారాల్లో వచ్చిన అతి పెద్ద అంకె మీ సొంత గరిష్ఠం. అది 450 అనుకుందాం. దానిలో 80 శాతం, అంటే 360 పైన ఉంటే మామూలుగా సాగొచ్చు. 360కి, 225కి మధ్య ఉంటే జాగ్రత్త, డాక్టర్ రాసిచ్చిన ప్రణాళిక ప్రకారం మందు పెంచాలి, ఫోన్ చేయాలి. 225 కన్నా తగ్గితే అది ఎమర్జెన్సీ.

పరికరం లేకపోయినా ఒళ్లు చెబుతుంది. రాత్రి దగ్గుతో మెలకువ రావడం, మెట్లెక్కితే ముందుకన్నా ఆయాసం, ఆస్తాలిన్ పఫ్‌లు రోజురోజుకీ పెరగడం. తమ్ముడు రెండోసారి పడిపోవడానికి మూడు రాత్రుల ముందు నుంచీ దగ్గుతూనే ఉన్నాడని రూమ్మేట్ తర్వాత చెప్పాడు.

8. మళ్లీ వస్తే: గోడకి అంటించిన కాగితం

ఇది ముందే రాసి బీరువా తలుపుకి అంటించండి, రూమ్మేట్లకి చదివి వినిపించండి. నిటారుగా కూర్చోబెట్టాలి, పడుకోబెట్టకూడదు. సాల్‌బుటమాల్ స్పేసర్‌తో ఒక్కో పఫ్, అర నిమిషం నుంచి నిమిషానికి ఒకటి చొప్పున, పది దాకా. తగ్గకపోయినా, మధ్యలోనే ఎక్కువైనా 108కి ఫోన్ చేయాలి. పది నిమిషాల్లో సాయం రాకపోతే మళ్లీ పది. డాక్టర్ మీకు వేరే ప్రణాళిక రాసిచ్చి ఉంటే అదే పాటించండి.

ఒక వాక్యం పూర్తిగా చెప్పలేకపోవడం, పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా తూలడం కనిపిస్తే ఇవేవీ పూర్తయ్యేదాకా ఆగకుండా వెంటనే బయల్దేరాలి. పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి నీరసించిపోతే అది తగ్గడం కాదు, గాలే ఆడటం లేదని. వేలికి పెట్టే ఆక్సీమీటర్‌లో ఆక్సిజన్ 94 శాతం కన్నా తగ్గితే ఆసుపత్రికే. అంకె బాగుంది కదా అని మనిషి అవస్థని మాత్రం కొట్టిపారేయకండి. నిద్రమాత్రలు ఇవ్వడం చాలా ప్రమాదం.

ఈ ఊళ్లో ట్రాఫిక్ సంగతి మీకు చెప్పనక్కర్లేదు. సాయంత్రం ఆరింటికి రెండు కిలోమీటర్లు ముప్పావు గంట పట్టొచ్చు. కాబట్టి దగ్గర్లో రాత్రంతా ఎమర్జెన్సీ నడిచే ఆసుపత్రి ఏదో పగలే వెళ్లి చూసి పెట్టుకోండి. కన్నడం రాని అమ్మానాన్నలకి ఒక్క ముక్క నేర్పండి: "ఉసిరాడోకె ఆగ్తిల్ల". ఊపిరి ఆడటం లేదని. సెక్యూరిటీ అన్నకైనా, ఆటో అన్నకైనా ఆ ఒక్క మాట చాలు.

9. మందు ఎప్పుడు తగ్గించాలి

రెండు మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా గడిచాక డాక్టరే మోతాదు మెల్లగా తగ్గిస్తారు. మా తమ్ముడికి నాలుగో నెలలో తగ్గించారు. పూర్తిగా ఆపలేదు. జలుబు చేసినప్పుడు ఏం పెంచాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో ఒక అరపేజీ రాసిచ్చారు. ఆ అరపేజీ ఇప్పుడు వాడి కొత్త గదిలో, అద్దం పక్కన, బ్రష్ పెట్టుకునే స్టాండు మీద అతికించి ఉంది.